సొరుగులోని మంచి ర్యామ్

ఆదోనిలో ఒక మేడమీద కంప్యూటర్లు బాగుచేసే ఓబులేశు గారికి మధ్యాహ్నం అన్నం తిన్నాక కళ్లు మూసుకుని కూర్చునే అలవాటుండేది. విప్పి పెట్టిన యంత్రాల ఫ్యాన్ల హోరు వింటూ, నిద్రకూ మెలకువకూ నడుమ ఎక్కడో తేలుతుండేవారు. కిటికీలోంచి పడిన ఎండలో ధూళి తీరిగ్గా తిరిగేది. ఆ వేళ ఆయన్ను కదిలించే ధైర్యం ఎవరూ చేసేవారు కాదు. ఐదేళ్లుగా ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న రమీజా మాత్రం ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"సార్, నా మాట ఇంక తప్పు కాదని నేనెప్పుడు నమ్మొచ్చు?"

అంతలో చెన్నకేశవులు తన కంప్యూటర్ను భుజాన మోసుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. తాలూకాఫీసు ముందు కూర్చుని జనానికి అర్జీలు టైపు చేసి బతికే పెద్దమనిషి. పొద్దుటినుంచి తెర వెలగడం లేదన్నాడు.

రమీజా మీటరు పెట్టి చూసింది. కరెంటు సరిగానే వస్తోంది. లోపలున్న ర్యామ్ అనే మెమరీ పలక తీసేసి, పరీక్షల కోసం సొరుగులో దాచుకున్న మంచి ర్యామ్ పెట్టింది. అయినా తెర వెలగలేదు.

"మదర్‌బోర్డు పోయింది పెద్దాయనా," అంది. ఆ వారంలో ఆమె అలా పోయిందని తేల్చేసిన బోర్డుల్లో అది మూడోది.

"ఇంగ లేయదా తల్లీ? దీన్నే నమ్ముకోనుండా," అంటూ ఆయన ఆ పెట్టెను తడుముతూ ఉండిపోయాడు.

ఓబులేశు గారు కళ్లు తెరవకుండానే, "ఆ ర్యామ్‌ను మన కంప్యూటర్లో పెట్టి చూడమ్మా," అన్నారు.

"అది మంచిదే గదా సార్! ఐదేండ్లుగా దాంతోనే చూస్తాండా."

"పెట్టి చూడు."

అప్పటిదాకా చక్కగా నడుస్తున్న దుకాణం కంప్యూటర్ కూడా ఆ ర్యామ్ పెట్టగానే తెర వెలగక ఉండిపోయింది. రమీజా ముఖం పాలిపోయింది. బోర్డు పోయిందని అంతకుముందు తను మూలకు నెట్టిన రెండు పెట్టెలవైపు చూసి తల దించుకుంది. తర్వాత దుకాణం కంప్యూటర్ నుంచి తీసిన ర్యామ్‌ను పెద్దాయన దాంట్లో పెట్టింది. తెర మెల్లగా, కలలో తెల్లవారినట్టు వెలిగింది. బోర్డు బాగానే ఉంది, పోయింది ఆయన ర్యామే. చెన్నకేశవులు చేతులు జోడించాడు. ఎవరికి దణ్ణం పెట్టాడో ఆయనకే తెలియదు.

రమీజా కళ్లు తుడుచుకుంది. "రేపే కొత్తది తెచ్చి, మంచిదని చీటీ రాసి అంటిస్తా సార్."

"చీటీ అంటించు," అన్నారు ఓబులేశు గారు. "మంచిదని రాయొద్దు. ఏ రోజున చూస్తే మంచిదిగా ఉందో రాయి."