ఎంగిలి కాని నీళ్ళు

ఒకప్పుడు కుక్కకి వాసన చూడటం రాదు. ముక్కు లేక కాదు, ఉంది. ఇప్పుడున్నంత పొడుగ్గానే ఉండేది. కానీ ఆ ముక్కుతో గాలి పీల్చుకోవడం తప్ప ఇంకో పని చేయవచ్చని దానికి తోచలేదు. పెట్టింది తినేది, పోసింది తాగేది, ఎవరేం చెప్తే అది చెవులు నిక్కబొడుచుకుని వినేది. విన్నదల్లా నమ్మేది.

అలాంటి కుక్క ఒకటి గవరమ్మ ఇంట్లో ఉండేది. దాని పేరు కర్రి. ఒళ్ళంతా నలుపు, తోక చివర మాత్రం కాస్త తెలుపు.

గవరమ్మకి నువ్వుల నూనె తీసే గానుగ ఉంది. గానుగ తిప్పడానికి బసవడు అనే ఎద్దు ఉంది. బసవడి కళ్ళకి పొద్దున్నే గంతలు కట్టేవారు. కళ్ళు తిరగకుండా ఉండాలంటే గంతలు ఉండాలి మరి. పాపం, ఆ గంతలతోనే సాయంత్రం దాకా గుండ్రంగా తిరిగేవాడు. లోకం అంటే గుండ్రటి దారి అనే అనుకునేవాడు.

ఒక వానాకాలం ముసురు పట్టింది. పొలాలన్నీ నీళ్ళమయం అయ్యాయి. ఒక ఎలుక బొరియలోకి నీళ్ళొచ్చి, అది తడిసి ముద్దై, గవరమ్మ గుమ్మం ముందుకొచ్చి నిలబడింది.

"మామ్మా! నా కొంప మునిగిపోనాది. నీ తెలకపిండి బస్తాల ఎనకాల ఇంత సోటిత్తే సాలు."

గవరమ్మ చీపురు తీసింది. "ఎలకా? నా గానుగింట్లోనా? నడు, నడు!"

కర్రికి జాలేసింది. దానికి జాలి వేయడానికి పెద్ద కారణం అక్కర్లేదు. "అమ్మా, ఈ వానలో ఎక్కడికెళ్తాది? ఉండనీ. నాది పూచీ," అంది.

కర్రి అడిగితే గవరమ్మ కాదనలేదు. పిల్లలు లేని ఇంట్లో అదే ఆవిడకి బిడ్డ. చీపురు మూలన పెట్టి ఎలుకతో చెప్పింది.

"సరే. కానీ నా ఇంట్లో ఒకటే పట్టింపు. ఎంగిలి! ఎవల చిప్ప ఆలది. ఒకల చిప్పలో ఇంకొకలు మూతెట్టకూడదు. ఒట్టెయ్యి."

ఎలుక ముందుకాళ్ళు రెండూ జోడించింది. "ఒట్టు మామ్మా! కర్రన్న చిప్పలో మూతెట్టను. మూతి కాదు గదా, మీసం కూడా తగలనియ్యను."

"విన్నావా అమ్మా? ఎంత బాగా సెప్పిందో!" అని కర్రి మురిసిపోయింది.

అలా ఎలుక గానుగింట్లో కాపురం పెట్టింది. తెలకపిండి తిని తిని బాగా నున్నబడింది. కర్రి చిప్పలో మాత్రం ఏ రోజూ మూతి పెట్టలేదు. ఒట్టేసిన మాట ఒట్టేసినట్టే నిలబెట్టుకుంది. ఆ సంగతి నేను ముందే చెప్తున్నాను, తర్వాత ఎలుకని అబద్ధాలకోరు అనకండి.

కానీ ఎలుకకి ఒక అలవాటుంది. అది నడిచినంత మేరా చుక్క చుక్కగా ఉచ్చ పోసుకుంటూ పోతుంది. నవ్వకండి! నవ్వితే కథ ఆపేస్తాను. అదేం పనే అని అడిగితే, "దారి గుర్తు పెట్టుకోవద్దా?" అంటుంది. బస్తాల మీద గుర్తు, గోడ వారన గుర్తు. మధ్యాహ్నం పూట కర్రి నిద్రపోతుంటే దాని మట్టి చిప్ప అంచు మీద సర్కస్ చేసినట్టు గుండ్రంగా నడిచేది. మూతి బయటికి, తోక లోపలికి. ఇక చిప్పలో ఏం పడేదో మీకు చెప్పనక్కర్లేదు.

కర్రి నిద్ర లేచేది. చిప్పలో నీళ్ళు తళతళా మెరిసేవి. గటగటా తాగేది.

ఒకరోజు కర్రి అన్నం ముట్టలేదు. మర్నాడు వణుకుతూ పడుకుంది. తిన్నదంతా కక్కింది. గవరమ్మ కేకేస్తే తోక ఆడించింది గానీ లేవలేకపోయింది. గవరమ్మ దాని కనురెప్ప పైకెత్తి చూసింది. తెల్లగా ఉండాల్సిన కన్ను పసుపు ముద్దలా ఉంది. చిగుళ్ళూ అంతే.

"ఓలమ్మో! నా కర్రికి ఏటైపోనాదిరా దేవుడా!"

గవరమ్మ భయపడింది. భయపడితే ముందు కోపం రావడం ఆవిడ గుణం. "ఎంగిలి నీళ్ళు తాగుంటాది! ఏయ్ ఎలకా, ఇలా రా! నా కర్రి చిప్పలో మూతెట్టావా?"

ఎలుక బస్తా మీద నిటారుగా నిలబడింది. "మామ్మా! పెట్టలేదు. కావాలంటే నీళ్ళనే అడుగు."

గవరమ్మ చిప్ప ముందు కూర్చుంది. "నీళ్ళమ్మా, నువ్వు అబద్ధమాడవు. ఈ ఎలక నీలో మూతెట్టిందా?"

"లేదు," అన్నాయి నీళ్ళు. నీళ్ళకి అడిగినంత మేరకే చెప్పడం అలవాటు. ఏ గిన్నెలో పోస్తే ఆ గిన్నె ఆకారం, ఏ ప్రశ్న వేస్తే ఆ ప్రశ్నకే జవాబు.

"ఎంగిలి కాకపోతే దిష్టే!" అని గవరమ్మ తేల్చేసింది. గుప్పెడు ఉప్పు, ఎండుమిరపకాయలు తెచ్చి కర్రికి దిగదుడిచి పొయ్యిలో పడేసింది. ఘాటుకి ఆవిడ దగ్గింది, బసవడు దగ్గాడు, బస్తాల వెనక ఎలుక కూడా దగ్గింది. కర్రికి దగ్గే ఓపిక కూడా లేదు. కళ్ళు మూసుకుని పడుకుంది.

గవరమ్మ దాని తల ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. "నువ్వు పోతే నాకెవలున్నారురా?"

అప్పుడు బసవడు గానుగ దగ్గర ఆగిపోయాడు. ఎన్నడూ చెప్పకుండా ఆగనివాడు!

"అమ్మా, నన్నెవలూ అడగలేదు గానీ, నాకో మాటుంది," అన్నాడు.

"సెప్పరా నాయనా."

"నా కళ్ళకి గంతలు కడతావు గదా. పొద్దల్లా నాకు సూపు లేదు, ముక్కొక్కటే దిక్కు. గానుగ ఇటు పక్కకొత్తే నువ్వుల వాసన. అటు పక్కకెళ్తే తెలకపిండి వాసన. మన కర్రి చిప్ప పక్కకొత్తే ఎలక ఉచ్చ కంపు. రోజూ అదే కంపు."

గవరమ్మ దిగ్గున లేచింది. గబగబా చిప్ప దగ్గరికెళ్ళింది.

"నీళ్ళమ్మా! మూతి సంగతి వదిలేయ్. ఎలక నీలో ఉచ్చ పోసిందా?"

"పోసింది," అన్నాయి నీళ్ళు. "రోజూ పోసింది."

"మరి ముందే సెప్పవేటి?"

"మూతి గురించే కదా నువ్వడిగావు."

గవరమ్మ చిప్పలో నీళ్ళు దూరంగా పారబోసింది. బసవడి గంతలు విప్పింది. బండి కట్టింది. కర్రిని దుప్పట్లో చుట్టి గడ్డి మీద పడుకోబెట్టింది. పక్క ఊళ్ళో పశువుల డాక్టరున్నాడు. ఆయన దగ్గరికి తీసుకెళ్తే బతుకుతుంది, లేకపోతే లేదు.

బండి కదిలింది. ఇంటి చుట్టూ ఒకసారి తిరిగింది. మళ్ళీ ఇంకోసారి తిరిగింది.

"ఎక్కడికిరా బసవా? నేరుగా నడు!" అని అరిచింది గవరమ్మ.

"నేరుగా అంటే ఎలాగమ్మా?" అన్నాడు బసవడు దీనంగా. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి గుండ్రంగా తిరిగిన ఎద్దు. దాని కాళ్ళకి వేరే దారి తెలీదు.

దుప్పట్లోంచి సన్నటి గొంతు వినిపించింది. "మావా," అంది కర్రి. "నీ ముక్కు నిన్ను తీసుకెళ్ళదా?"

బసవడు ఆగాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ముక్కు పైకెత్తి గాలి పీల్చాడు. బురద వాసన వచ్చింది. తంగేడు పూల వాసన వచ్చింది. వాటి వెనకాల, చాలా దూరంగా, చేదుగా, ఘాటుగా మందుల వాసన వచ్చింది.

"అదిగో!" అన్నాడు. అటే నడిచాడు. కళ్ళు మూసుకునే నడిచాడు. జీవితంలో మొదటిసారి నేరుగా నడిచాడు. బండి మీద పడుకున్న కర్రి అదంతా చూస్తూనే ఉంది.

డాక్టరు కర్రి కళ్ళు చూశాడు, చిగుళ్ళు చూశాడు. "ఎలుకలు తిరిగే చోట నీళ్ళు తాగిందా?" అని అడిగాడు.

"తాగింది బాబూ. ఎంగిలి కాలేదని ఊరుకున్నాను."

"ఎలుకతో కుక్కకి ఎంగిలి ఒక్కటే ముప్పు కాదమ్మా. అది కరిస్తే జబ్బు. దాన్ని పట్టి తిన్నా జబ్బు. అన్నిటికన్నా పాడుది దాని ఉచ్చ. వాననీళ్ళలో, బురదలో కలిసిపోతుంది, కంటికి కనపడదు. ఇంకొంచెం ఆలస్యం చేస్తే నా చేతుల్లో ఉండేది కాదు. నువ్వూ చేతులు శుభ్రంగా కడుక్కో, ఈ జబ్బు మనుషులకీ వస్తుంది."

సూదులు వేశాడు. మందు పోశాడు. దగ్గరే ఉంచుకుని రోజూ చూశాడు. గవరమ్మ డాక్టరింటి అరుగు మీదే పడుకుంది. గానుగ ఆగిపోతే ఆగిపోయిందని ఊరుకుంది. ఒక పొద్దున కర్రి తనంతట తానే లేచి, తూలుకుంటూ వచ్చి, ఆవిడ కాళ్ళ మీద తల పెట్టింది. గవరమ్మ ఏడుస్తూ నవ్వింది.

ఇంటికొచ్చారు. ఎలుక బస్తా మీదే ఉంది.

"మామ్మా, నన్ను కోప్పడకు," అంది అది ముందుగానే. "మూతెట్టనన్నాను, పెట్టలేదు. నాను మాట తప్పానేటి?"

మాట ప్రకారం చూస్తే ఎలుక తప్పేమీ లేదు మరి.

కర్రి ముందుకొచ్చింది. "నువ్వు మాట తప్పలేదు. నాను సెవులతో నమ్మాను, అదీ నా తప్పు. ఇక నీ మాట నాకొద్దు."

అని ముక్కు నేలకి ఆనించింది. బసవడు నేర్పినట్టే గాలి లోపలికి పీల్చింది. ఒక్కసారిగా ఇల్లంతా దానికి కొత్తగా తెలిసింది. బస్తా మీద ఎలుక ఎక్కడ నడిచిందో తెలిసింది. గోడ వారన ఎక్కడ పరిగెత్తిందో తెలిసింది. ఎక్కడెక్కడ గుర్తు పెట్టిందో అంతా తెలిసిపోయింది. ఆ గుర్తుల వెంటే బస్తా దాకా వెళ్ళి, ఇంటి పెంకులు ఎగిరేలా ఎలుక మొహం మీద మొరిగింది.

ఎలుక గోడ వారన ఒకటే పరుగు. ఇప్పటికీ నడి ఇంట్లో నడవదు. గోడకి ఒళ్ళు రాసుకుంటూనే పోతుంది.

గవరమ్మ బస్తాలన్నీ ఎండలో వేసింది. పాత చిప్ప పగలగొట్టి కొత్తది తెచ్చింది. పూటపూటా దాన్ని కడిగి, కొత్త నీళ్ళు పోసి, పని అయ్యాక బోర్లించేది. కుక్క ముక్కుకి కూడా ఒక్కోసారి అంతు పట్టకపోవచ్చు కదా. చిప్ప కడగడం మాత్రం పెంచుకున్నవాళ్ళ పని.

అప్పటినుంచే కుక్క ఏ గోడ మూల కనపడినా, ఏ స్తంభం కనపడినా ఆగి, ముక్కు పెట్టి, ఎవరొచ్చి వెళ్ళారో వాసన చూడందే కదలదు. మీరు ఎంత ప్రేమగా "రారా, రారా" అని పిలిచినా సరే, తోక ఆడిస్తూ దగ్గరికొస్తుంది గానీ, ముందు మీ చెయ్యి వాసన చూస్తుంది. ఆ తర్వాతే నమ్ముతుంది.