మైసక్క మునుం

మీ అవ్వకు అవ్వ, ఆమె అవ్వ గూడ పుట్టకముందటి ముచ్చట. నవ్వులాటకు చెప్తలేను. నోరు మూసుకొని ఇనుండ్రి.

ఒక ఊళ్ళె మైసయ్య అని ఉండె. నాట్లప్పుడు నారు పీకి, కట్టలు గట్టి, గట్టు మీదికెళ్ళి ఆడోళ్ళకు అందిచ్చుడు పని. పుట్టంగనే మొగపిల్లగాడన్నరు. లోపల గట్ల లేకుండె. ఏంటిదో తనకే తెల్వదు. నీళ్ళల్ల మొఖం చూసుకుంటే ఎవలో పరాయోళ్ళు కనబడుదురు.

ఒకనాడు బాటెంట పోయే గాజులామె ఎనుకకెళ్ళి చూసి పిలిచింది. "ఓ అక్కా, గాజులేసుకుంటవా?" మైసయ్య మళ్ళి చూసిండు. తను ఎవలో అప్పుడు తెలిసింది. ఇంగ నేను గూడ ఆమె అనే అంట. కష్టమైతే లేచిపోండ్రి.

ఇంకోనాడు పక్కింటి చంటిది ఆమెను చూసి "అత్తా" అన్నది. మళ్ళ గదే సంబురం. కడుపునిండ బువ్వ తిన్నట్టయింది.

మూడోనాడు, నాట్లల్ల పాట ఎత్తే బాలనర్సవ్వ మడిలకెళ్ళి తలెత్తింది. "ఏందే మైసక్కా, గట్టు మీదనే నిలవడ్డవ్? దిగు, మునుం పట్టు." వరుసల ఆడోళ్ళు జరిగి, ఒక మనిషి నాటేటంత జాగ, ఒక మునుం, ఇచ్చిన్రు. ఆమె దిగింది. ఆ దినమంత వాళ్ళు అక్కా అని పిలుస్తుంటే నాటేసింది. పిలిచినప్పుడల్లా మళ్ళ పుట్టినట్టె ఉండె.

పొలం పటేల్‌ది. కండ్లల్ల నిప్పులు పోసుకున్నడు. "మొగోడు మునుం పడితే మడి ఎండుతది. వాన్ని అక్కా అన్నదానికి నా పొలంల పని లేదు" అన్నడు. గంతే, నోళ్ళకు తాళాలు పడ్డయి. పటేల్ ఒక్కడు, ఆడోళ్ళు ఇరవై మంది. ఒక్క నోరు లేవలె.

ఒకనాడు మైసక్క గట్టు మీద నిలవడ్డది, ఎవలు పిలువలె. రెండోనాడు నిలవడ్డది, ఎవలు చూడలె. మూడోనాడు బాలనర్సవ్వే తల దించుకొని, "మైసయ్యా, నారు అందియ్యి" అన్నది.

"నర్సవ్వా, ఒక్కసారి పిలువే. ఎవలు ఇనకుంట, మెల్లగ."

"పిల్లలున్నరు. నన్నడగకు."

ఆ వానకాలమే మైసక్కకు జెరం పట్టింది. జెరంతోని సచ్చిందంటరు. నేను చెప్తున్న, ఊరే సంపింది.

మా దిక్కు మొగ పీనుగకు మొగోళ్ళు నీళ్ళు పోస్తరు, ఆడ పీనుగకు ఆడోళ్ళు. మొగోళ్ళు కుండ పట్టుకొని వచ్చిన్రు. అప్పుడు లేచింది బాలనర్సవ్వ. గడపకు అడ్డం నిలవడ్డది. "ఆడిదానికి మేమే పోస్తం. జరుగుండ్రి."

"పని పోతది" అన్నడు పటేల్.

"పోనీ. నీ మడి నువ్వే నాటుకో."

ఇరవై మంది ఆమె ఎనుక నిలవడ్డరు. నీళ్ళు పోసి, పసుపు రాసి, చీర కట్టి, మైసక్కా అని ఏడ్చిన్రు. ఏం లాభం?

ఇప్పటికీ మా దిక్కు నాట్లకు దిగితే వరుసల ఒక మునుం ఖాళీ ఉంచుతరు. "మైసక్కా, దిగు" అని మూడుసార్లు పిలిచి, జరంతసేపు ఆగుతరు. బతికున్నప్పుడు ఒక్కసారి, మెల్లగ పిలువుమన్నది. గిప్పుడు ఎంత గట్టిగ ఒర్రితే ఏం?