చూరులో గొడ్డలి

హుస్సేనప్పకు ఒకటే దిగులు. కొండ బోడిదవుతోంది.

కొండమీది ఫకీరు కంబళిబాబా దగ్గర శిష్యుడిగా చేరి అతనికి ఏడేళ్ళు. వచ్చిన కొత్తలో గుడిసె ముందు నిలబడితే లోయ నిండా చెట్లే. ఇప్పుడు కింది గూడెం ఇళ్ళు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. పద్దెనిమిది ఇళ్ళు, అందరిదీ బొగ్గు కాల్చే పనే. చెట్టు కొట్టడం, మట్టి కప్పి కాల్చడం, బొగ్గు సంతకు మోయడం. ఈ ఏడు కొండమీది ఊటచెలమ ఎండలు ముదరకముందే అడుగంటింది.

హుస్సేనప్ప చెప్పి చూశాడు. వాళ్ళు సరేనని తల ఊపేవాళ్ళు, తెల్లారితే గొడ్డలి భుజానికెత్తుకునేవాళ్ళు. చివరికి ఒక శుక్రవారం పొద్దున హుస్సేనప్ప బాబాను అడక్కుండానే, గుడిసెలోని ఆయన పచ్చజెండా పట్టుకుని గూడెంలోకి దిగాడు.

"ఇంక చెట్టు మీద దెబ్బ పడితే బాబా మీద ఒట్టు. గొడ్డళ్ళన్నీ తెచ్చి ఈడ పెట్టండి."

బాబా అంటే ఆ గూడేనికి భయమూ ఉంది, భక్తీ ఉంది. ఒక్కరూ ఎదురు చెప్పలేదు. ఈరమ్మ అనే ముసలామె మాత్రం తన గొడ్డలి కామను కాసేపు నిమిరి, ఆ తర్వాత కింద పెట్టింది. ఆ కామకు ఎర్రగుడ్డ పేలిక చుట్టి ఉంది.

గొడ్డళ్ళు గోతాల్లో కట్టి, గాడిద మీద వేసుకుని కొండెక్కుతుంటే హుస్సేనప్పకు కాళ్ళు నేలమీద ఆనలేదు. ఏడేళ్ళలో బాబా నోట శభాష్ అన్న మాట వినలేదు. ఇవాళ రాక ఎక్కడికి పోతుంది?

బాబా అంతా విన్నాడు.

"అన్నీ తెచ్చినావా?"

"ఒక్కటి గూడా మిగల్లేదు బాబా."

"మంచిది. ఊదు వేసే పొద్దయింది. నిప్పు చెయ్యి."

ఊదు కోసం అప్పటికే నాలుగూళ్ళ జనం చెట్టునీడన కూర్చుని ఉన్నారు. హుస్సేనప్ప బొగ్గుల సంచీలో చెయ్యి పెట్టాడు. అడుగున మసి తప్ప ఏమీ లేదు. ప్రతి శుక్రవారం గూడెంలో ఒక్కో ఇల్లు వంతు వేసుకుని బాబా ఊదుకు గంపెడు బొగ్గు పంపుతుంది. ఏడేళ్ళుగా ఆ నిప్పు చేస్తున్నది హుస్సేనప్పే. ఆ బొగ్గూ ఈ కొండ చెట్లదేనన్న సంగతి మాత్రం ఇప్పుడే తట్టింది.

"బొగ్గుల్లేవు బాబా."

బాబా కోప్పడలేదు. గోతం విప్పి గొడ్డళ్ళ కామలు ఒక్కొక్కటీ తడిమి చూశాడు. అరచేతులు రాసుకుని రాసుకుని అన్నీ నున్నబడి ఉన్నాయి.

"గొడ్డళ్ళు తెచ్చినావు. ఆకలి ఆడ్నే ఇడిసిపెట్టొచ్చినావు," అన్నాడు.

ఇంతలో ఈరమ్మ రొప్పుతూ కొండెక్కి వచ్చింది. నెత్తిన గంప ఉంది.

"ఈ వారం వంతు మాదే బాబా. పాత బట్టీలో మిగిలినవి. ఇంక యాడనుంచి తెచ్చేది? రేపట్నుంచి పిల్లోళ్ళు గడ్డలు తవ్వుకు తినాల్సిందే. తప్పు చేసినామని ఒప్పుకుంటాం. కానీ ఏం తిని బతకాలో గూడా మీరే చెప్పాల."

బాబా ఆమె తెచ్చిన బొగ్గు ముక్క ఒకటి ఎడమ చేతిలోకి తీసుకున్నాడు. కుడి చేతిలో పసుపుపచ్చని ఊదు ముక్క పెట్టుకుని రెండు చేతులూ ఆమె ముందు చాపాడు.

"ఇవి రెండూ యాడివి తల్లీ?"

"రెండూ ఈ కొండవే బాబా. అది చెట్టు సచ్చి ఇచ్చింది. ఇది అందుగు చెట్టు బంక, బతికుండి ఇచ్చింది. మా నాయన గీకేటోడు. బొగ్గుకు బేరం పెరిగినంక అందరం మర్సిపోయినాం."

"నువ్వు మర్సిపోయినావా?"

"చెయ్యి మర్సిపోదు బాబా."

బాబా గొడ్డళ్ళలోంచి ఎర్రపేలిక చుట్టినదాన్ని ఏరి గుడిసె చూరులో దోపాడు. మిగతావి మళ్ళీ గాడిద మీదికెక్కించాడు.

"కొలిమికి తీస్కపో హుస్సేనూ. చిన్న చిన్న కత్తులు కొట్టించు. కత్తులొచ్చేదాకా గూడేనికి బువ్వ మన పొయ్యి మీద వండుదాం. వండేది నువ్వే."

శభాష్ రాలేదు. వంట వచ్చింది. నెలరోజుల పాటు హుస్సేనప్ప గూడేనికి గంజి కాచి పోశాడు. కత్తులు రాగానే ఈరమ్మ వెనక అడవిలో తిరిగాడు. మొదటి రోజే ఎక్కువ బంక వస్తుందని అందుగు చెట్టును లోతుగా చెక్కబోయాడు. ఈరమ్మ చేతిమీద ఒక్కటేసింది.

"గోరు మందం, అంతే! చెట్టుకు తెలియకుండా తీసుకోవాల. గాయం మానిందాకా మళ్ళీ ముట్టుకోగూడదు."

రెండు వానాకాలాలు గడిచాయి. సంతలో గూడెం ఊదుకు పేరొచ్చింది. పట్నం నుంచి ఊదుబత్తుల వాళ్ళు వెతుక్కుంటూ వచ్చి కొంటున్నారు. బాబా ఊదుకు నిప్పు మాత్రం ఇప్పుడు రాలిన ఎండుపుల్లలదే.

ఒకనాడు కలప వ్యాపారి మనుషులతో, రంపాలతో గూడెంలో దిగాడని కబురొచ్చింది. అందుగు కలప పెట్టెలు చేయడానికి పనికొస్తుందట, అడిగినంత ఇస్తాడట. హుస్సేనప్ప ఆగలేదు. పచ్చజెండా లాక్కుని కిందికి పరుగెత్తాడు.

అతను చేరేసరికి పద్దెనిమిది ఇళ్ళవాళ్ళూ అందుగు చెట్ల ముందు నిలబడి ఉన్నారు. ఈరమ్మ మాట్లాడుతోంది.

"ఈ చెట్టు మాకు ఏటేటా కూడు పెడ్తాంది. నీ డబ్బు ఎన్నాళ్ళు పెడ్తాది నాయనా? పో, పో."

వ్యాపారి సణుక్కుంటూ బండి తిప్పాడు. అక్కడ ఎవరూ ఎవరిమీదా ఒట్టు వేయలేదు. హుస్సేనప్ప జెండా చుట్టి చంకన పెట్టుకుని నెమ్మదిగా కొండెక్కాడు.

బాబా గుడిసె ముందు కూర్చుని ఉన్నాడు.

"జెండా ఇప్పినావా?"

"అక్కర పడలేదు బాబా."

బాబా లేచి చూరులోంచి గొడ్డలి లాగాడు. ఎర్రపేలిక వెలిసిపోయింది. దుమ్ము దులిపి హుస్సేనప్ప చేతిలో పెట్టాడు.

"ఈరమ్మకు ఇచ్చిరా."

"మళ్ళీ..." అనబోయి హుస్సేనప్ప ఆగిపోయాడు. జెండా గుడిసెలో పెట్టి, గొడ్డలి భుజాన వేసుకుని కొండ దిగాడు.