మస్తాన్ సాయిబు స్క్రూడ్రైవర్

మాల్యాద్రి బండికి అన్నీ కుదిరాయి, ఒక్క చప్పుడు తప్ప.

నెల్లూరు పాలిటెక్నిక్‌లో డ్రాయింగు చెప్పే మాల్యాద్రి ఇంట్లో కారు షెడ్డు ఉంది గానీ, ఏడేళ్లుగా కారు మాత్రం బయట ఎండకు ఎండి వానకు తడుస్తోంది. షెడ్డంతా ఒక పాత బీఎస్ఏ మోటారు సైకిలుది. ఇప్పుడు బండి అంటున్నాం గానీ, మొదట్లో అది ఇనప సామాను. డెబ్బై ఏళ్ల కిందట ఇంగ్లండులో తయారైన ఇంజన్ ఒక రైసు మిల్లు మూలన తవుడులో కూరుకుపోయి దొరికింది. ఫ్రేము గూడూరు దగ్గర ఒక కోళ్ల దొడ్డికి అడ్డంగా కట్టి ఉంది. చక్రాలు, ఫోర్కు, గేర్‌బాక్సు తలా ఒక ఊరి నుంచి వచ్చాయి. ఏ పుస్తకంలోనూ బొమ్మ లేని బండి చెయ్యాలని మాల్యాద్రి పంతం పట్టాడు. ముందు కాగితం మీద గీశాడు, తర్వాత గీసినట్టే చేశాడు. పెట్రోలు టాంకు తన చేత్తో రేకు కొట్టి తయారు చేశాడంటే చూసినవాళ్లు నమ్మేవాళ్లు కాదు.

ఈ పని నేర్పినవాడు మెకానిక్ మస్తాన్ సాయిబు. డెబ్బై దాటిన మనిషి. పదేళ్ల వయసులో రెండు చెవులూ చీము పట్టి వినికిడి పోయింది. మాట్లాడతాడు. ఎదుటి మనిషి పెదాలు చూసి మాట పట్టుకుంటాడు. మాల్యాద్రి ఆరేళ్లు ప్రతి ఆదివారం ఆయన షెడ్డుకు వెళ్లాడు. మొదటి ఏడాది కిరసనాయిల్లో నట్లు కడగడం తప్ప ఇంకో పని ఇవ్వలేదు. కాలేజీలో అందరూ నమస్కారం పెట్టే లెక్చరరు, ఇక్కడ పీటేసుకుని కూర్చుని నట్లు కడిగాడు. మెచ్చుకోవాల్సిన సంగతే.

ఏడో ఏడు వచ్చేసరికి వెళ్లడం మానేశాడు. ఇంక నేర్చుకోవాల్సింది ఏముందిలే అని నోటితో అనలేదు. కాళ్లే అటు పోవడం మానుకున్నాయి.

బండి పూర్తయింది. కిక్కు కొడితే మూడో కిక్కుకే అందుకుంది. వీధిలో వాళ్లంతా గేటు దగ్గర చేరారు. మాల్యాద్రి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అయిదు నిమిషాలు తిరిగి ఇంజన్ వేడెక్కగానే లోపలి నుంచి మొదలైంది. టక్. టక్. టక్. ఎవరో లోపల కూర్చుని తలుపు కొడుతున్నట్టుంది.

ఆ చప్పుడు కింద నుంచి వస్తోందని మాల్యాద్రి తేల్చాడు. ఇంజన్ విప్పి బేరింగు మార్చాడు. చప్పుడు పోలేదు. మళ్లీ విప్పి పిస్టను మార్చాడు. పోలేదు. ఫోనులో చప్పుడు రికార్డు చేసి మద్రాసుకు, బెంగుళూరుకు, పాత బండ్ల పిచ్చి ఉన్న ప్రతివాడికీ పంపాడు. అయిదుగురు ఆరు రకాలుగా చెప్పారు. మూడోసారి విప్పి, లోపల ఉన్నవన్నీ కొలతలు తీసి, ఎక్కడా తేడా లేదని చూసుకుని బిగించాడు. చప్పుడు వెయ్యిసార్లు విప్పినా నేను ఇక్కడే ఉంటానన్నట్టు ఉంది.

మూడోసారి బిగిస్తున్నప్పుడే చేతికి తెలిసింది. ఇంజన్ కింది పెట్టె అల్యూమినియంది. డెబ్బై ఏళ్లది. విప్పి బిగించి, విప్పి బిగించి దాని మరలు అరిగిపోయాయి. ఇంకొక్కసారి విప్పితే బోల్టు పట్టదు. అలాంటి పెట్టె మళ్లీ దొరకాలంటే ఇంకో ఏడేళ్లు వెతకాలి, అప్పటికీ దొరుకుతుందన్న నమ్మకం లేదు. అంటే నాలుగోసారే ఆఖరిసారి. ఆ తర్వాత అది బండి కాదు, హాల్లో పెట్టుకునే బొమ్మ.

ఆదివారం పొద్దున మాల్యాద్రి పానా చేతిలో పట్టుకుని షెడ్డులో నిలబడ్డాడు. విప్పడానికి చెయ్యి రాలేదు, వదలడానికి మనసు రాలేదు. భార్య కామాక్షి కాఫీ తెచ్చి పక్కన పెట్టింది.

"సాయిబు గారిని పిలవగూడదా?" అంది.

"చప్పుడు వినడానికి చెవుడున్న మనిషినా పిలిచేది?" అన్నాడు మాల్యాద్రి.

"నీ చెవులు బాగానే ఉండాయి గదా. ఏం చెప్పినాయి అవి?"

మాల్యాద్రి కాఫీ తాగాడు. పానా కింద పెట్టి చొక్కా వేసుకున్నాడు.

మస్తాన్ సాయిబు ఏడాదిగా రాని శిష్యుణ్ణి చూసి, "ఏందబ్బయ్యా, చిక్కిపోయినావే," అన్నాడు. అంతకు మించి ఏమీ అడగలేదు. గోడకు తగిలించిన పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక్కటి తీసి భుజం మీది తువాలులో చుట్టుకుని బయల్దేరాడు.

షెడ్డులోకి రాగానే బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. టాంకు మీద అరచెయ్యి పెట్టి నిమిరాడు. ఇంజన్ తలను పైనున్న ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ఉక్కు పట్టీ దగ్గర కాస్త ఆగాడు. అసలుదైతే అక్కడ ఒక మోటు ఇనప ముక్క ఉండేది. మాల్యాద్రి దాన్ని పారేసి, ఆకు ఆకారంలో కొత్తది గీసుకుని, నలభై రోజులు ఆకురాయి పట్టి, అద్దంలా పాలిష్ చేసి పెట్టాడు. ఎవరొచ్చినా ముందు దాన్నే మెచ్చుకునేవాళ్లు. ఇంజన్ విప్పిన మూడుసార్లూ మాల్యాద్రి దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి పక్కన పెట్టుకున్నాడు.

"బలే చేసినావు," అన్నాడు సాయిబు. అది ఉత్తుత్తి మెప్పు కాదు, ఆయనకు అలాంటివి రావు. "స్టార్ట్ చెయ్."

మాల్యాద్రి కిక్కు కొట్టాడు. ఇంజన్ వేడెక్కింది. టక్ టక్ మొదలైంది. మాల్యాద్రి ఊరుకోకుండా ఆయన కళ్ల ముందుకొచ్చి, పెదాలు స్పష్టంగా కదిలిస్తూ, బేరింగు మార్చాననీ పిస్టను మార్చాననీ, రైసు మిల్లులో పడి ఉన్నప్పుడు ఎవడో చేతకానివాడు లోపల ఏదో చెడగొట్టి ఉంటాడనీ మొత్తం చెప్పాడు. సాయిబు వినడం ఇష్టం లేనప్పుడు చేసే పని ఒకటుంది. కళ్లు మూసుకుంటాడు. అదే చేశాడు.

కళ్లు మూసుకునే స్క్రూడ్రైవరు కొయ్య పిడిని పళ్ల మధ్య పట్టుకుని, మొన ఇంజన్‌కు ఆనించాడు. ఒకచోట ఆనించి ఆగాడు. ఇంకోచోట ఆనించి ఆగాడు. రెండు నిమిషాలు పట్టలేదు. కళ్లు తెరిచి, స్టూలు మీద కూర్చుని, "అమ్మా, కాస్త టీ పెడతావా?" అని ఇంట్లోకి కేకేశాడు.

మాల్యాద్రి ఆగలేకపోయాడు. "ఏంది ఉస్తాద్? బేరింగేనా? విప్పాలా?"

సాయిబు స్టూలు మీంచి లేచాడు. జేబులోంచి దూది తీసి రెండు ఉండలు చేసి, శిష్యుడి చెవుల్లో తనే గట్టిగా కుక్కాడు. స్క్రూడ్రైవరు పిడిని తువాలుతో తుడిచి చేతికిచ్చాడు.

మాల్యాద్రి దాన్ని చూశాడు. యాభై ఏళ్లు కొరికిన పిడి. కొయ్యలో పళ్ల గుంటలు అచ్చుపడి ఉన్నాయి. చిన్నప్పటి నుంచి అమ్మ తాగిన గ్లాసులో కూడా నీళ్లు తాగని మనిషి మాల్యాద్రి. ఎంగిలి అంటే అంత పట్టింపు. సాయిబు ఆయన మొహం చూస్తూనే ఉన్నాడు. తొందర పెట్టలేదు, తప్పు పట్టలేదు.

మాల్యాద్రి పిడిని నోట్లో పెట్టుకున్నాడు. పళ్లు వాటంతట అవే ఆ గుంటల్లో కూర్చున్నాయి.

మొన ఇంజన్‌కు ఆనగానే ఆయన ఒళ్లు జలదరించింది. ఇంజన్ ఇప్పుడు బయట లేదు. తన తలలో తిరుగుతోంది. చెవులతో విన్నన్నాళ్లూ అది ఒకటే మోత. ఇప్పుడు ఆ మోత విడిపోయి దేని గొంతు దానిదైంది. వాల్వు లేవడం వినపడింది, లేచింది మెత్తగా తన చోట కూర్చోవడం వినపడింది. ఆయిలు పంపు పళ్లు ఒకదాన్నొకటి అందుకోవడం వినపడింది. ఎక్కడో అడుగున నూనె కదులుతోంది, అదీ వినపడింది. ఇరవై రెండేళ్లుగా బోర్డు మీద ఇంజన్‌ను అడ్డంగా కోసి, నిలువుగా కోసి పిల్లలకు గీసి చూపిస్తున్నాడు. అది బతికి ఉండగా లోపల ఎలా ఉంటుందో ఈ రోజు దాకా తనకే తెలియదు.

మొనను కిందికి దించాడు. మూడుసార్లు తను తిట్టిన చోటికి. అక్కడ బేరింగు గుండ్రంగా, నిదానంగా, ఒక్క రవ్వ తడబాటు లేకుండా తిరుగుతోంది. ఆ బేరింగు కూర్చున్న గుంటను ఎవరో మనుషులు కొలిచి, తొలిచి, సరిచూసి పంపారు. వాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. వాళ్లు పోయి ఎన్నాళ్లయిందో. తవుడులో కూరుకుపోయి ఉన్నన్నేళ్లూ వాళ్ల పని చెడిపోలేదు. మాల్యాద్రి కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు. చేతకానివాడు అని తను అన్న మాట గుర్తొచ్చింది.

ఎంతసేపు విన్నాడో ఆయనకే తెలియదు. కామాక్షి టీ తెచ్చి సాయిబుకిచ్చి, మొగుడు స్క్రూడ్రైవరు కరుచుకుని ఏడవడం చూసి, అక్కడే నిలబడిపోయింది.

చివరికి పిడి నోట్లోంచి తీసి, సాయిబు వైపు తిరిగి, "అంతా విన్నాను ఉస్తాద్. ఎక్కడా తేడా లేదు," అన్నాడు. తన మాట తనకే తల లోపల మోగినట్టుంది.

సాయిబు టీ చప్పరిస్తూ పెదాలు కదిపాడు. "అంతానా?"

మాల్యాద్రి ఇంజన్ వైపు చూశాడు. కింద విన్నాడు. పక్కల విన్నాడు. పైన విన్నాడు. మొన ఆనించని చోటు ఒకే ఒక్కటి మిగిలింది. ఆకులా మెరుస్తోంది.

చెయ్యి వెంటనే లేవలేదు. పిడి మళ్లీ కొరికి, మొనను మెల్లగా ఆ ఉక్కు పట్టీ మీద పెట్టాడు.

టక్!

పళ్లు అదిరాయి. అయినా తియ్యలేదు. టక్. టక్. టక్. ఇన్నాళ్లుగా తలుపు కొడుతున్నది ఎవరో ఇప్పుడు తెలిసింది. అక్కడ కొట్టుకుని, ఇంజన్ ఒళ్లంతా పాకి, అడుగు నుంచి పలుకుతోంది. నట్టు బిగించిన రోజు గుర్తొచ్చింది. పూర్తిగా బిగిస్తే అద్దంలాంటి పాలిష్ మీద గుండ్రంగా గీత పడుతుంది. అందుకని ఒక చుట్టు తక్కువ బిగించాడు. మూడుసార్లూ అలాగే, అంతే జాగ్రత్తగా.

మాల్యాద్రి పానా తీసుకున్నాడు. కామాక్షి ఊపిరి బిగపట్టింది. ఆ నలభై రోజులు ఆమె చూసిందే. నట్టు మీద పానా పెట్టి తిప్పాడు. ఉక్కు మీద ఉక్కు గీరుకుంది. మెరుపు మీద తెల్లటి వలయం పడింది. ఆగలేదు. ఇంక తిరగనన్నదాకా బిగించాడు.

ఇంజన్ తిరుగుతోంది. తలుపు కొడుతున్నవాడు లేడు. డుబ్ డుబ్ డుబ్ అంటూ ఒకే గుండె, నిబ్బరంగా. ముగ్గురూ అలా నిలబడిపోయారు. కామాక్షి చేతులు జోడించిందని ఆమెకే తెలియదు. సాయిబు వంగి, అరచెయ్యి నేల మీద పెట్టి, ఆ అదురు అందుకుని నవ్వాడు.

మాల్యాద్రి దూది తీసేసి, ఆయన ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"మీకు రెండు నిమిషాల్లోనే తెలిసింది గదా ఉస్తాద్. నాకు ముందే చెప్పుండొచ్చు గదా!"

సాయిబు శిష్యుడి పెదాలనే చూసి, ఆ మాట కాస్త నమిలి, చెయ్యి నేల మీంచి తియ్యకుండానే అన్నాడు.

"చెప్పుంటే నా మాటే వినుంటావు, అబ్బయ్యా. అంతే."