అదనపు గీతలు

"పోయింది మాస్టారూ! సర్వం పోయింది!"

వీధి మొగదల నుంచే కేక. ఎవరింట్లో ఏం పోయిందోనని గూడూరులో ఆ వీధి వీధంతా తలుపులు తీసింది. చూస్తే మన పెంచలరావు! ఒక చేతిలో ఎక్స్‌రే కాగితం, ఇంకో చేతిలో మాత్రల డబ్బా. అందులో చింతగింజంత నల్లరాయి.

మైకా గనుల్లో ఎప్పుడో గానీ కనబడని రాయి అది. మూడేళ్ళుగా దాని మీదే అతని చదువు. మిగిలింది ఆ ఒక్క ముక్కే. అందులో ఇనుము పరమాణువులు, నియోబియం అనే లోహపు పరమాణువులు తిరునాళ్ళ జనంలా ఎక్కడ పడితే అక్కడ ఉంటాయట. కొలిమిలో పెట్టి కాలిస్తే మెల్లిగా కదిలి, దేని వరుసలోకి అది చేరుకోవాలి. చేరాయో లేదో ఎక్స్‌రే చెబుతుంది.

"కాల్చకముందు ఎంత శుభ్రంగా ఉందో చూడండి. ఈ కాసిని గీతలే. ఇప్పుడు వాటి మధ్య ఈ పిచ్చిగీతలు! గీతలు పెరిగితే సౌష్ఠవం తగ్గినట్టే. క్రమం వస్తే సౌష్ఠవం పెరగాలి గదా, తగ్గిందేంది? ఇది చెడిపోయింది. కాలవలో పారేస్తా!"

అతనికి చదువు చెప్పిన మస్తానయ్య మాస్టారు గుమ్మంలోనే డబ్బా లాక్కుని జేబులో వేసుకున్నారు. "పారేద్దువుగానిలే అబ్బయా. ముందు పంక్తి సంగతి చూడు."

ఆ రోజు ఆయనింట్లో పాత గని కూలీలకు భోజనాలు. పాతికమంది ముసలివాళ్ళు. పెంచలరావు ఆ చిరాకంతా వాళ్ళ మీద చూపించాడు. కొలిచి కొలిచి మూరకొక విస్తరి వేసి, అందరినీ తాడు పట్టినట్టు కూర్చోబెట్టాడు.

"బాగుంది," అన్నారు మాస్టారు. "ఎటు చూసినా ఒకేలా ఉంది. ఇట్టా వచ్చి నా పక్కన కూర్చో."

"వడ్డించొద్దా?"

"వద్దు."

ఐదు నిమిషాలకు చెంగమ్మ లేచింది. "మోకాళ్ళు వంగవు నాయనా, నాకు గోడ కావాల." చెవిటి సుబ్బరామయ్య లేచి భార్య పక్కకు పోయాడు. ఆమె చెవిలో అరిస్తే గానీ ఏ కూర వస్తోందో ఆయనకు తెలీదు మరి! దగ్గేవాళ్ళు గాలి కోసం కిటికీ వైపు జరిగారు. ఒకరు జరిగితే ఇంకొకరు, వాళ్ళ కాలు వీళ్ళు తొక్కి, ఒకటే గోల.

"అన్నం చల్లారిపోతా ఉంది!" లోపల నుంచి మాస్టారి భార్య రమణమ్మ. "మీ పరీక్షలకు నా వంటే దొరికిందా?"

పెంచలరావు రెండుసార్లు సర్దడానికి లేచాడు. రెండుసార్లూ మాస్టారు చొక్కా పట్టి లాగారు.

అరగంటకు సద్దు మణిగింది. గోడ పొడుగునా మోకాళ్ళ నొప్పులవాళ్ళు, కిటికీ పొడుగునా దగ్గేవాళ్ళు, నడుమ జంటలు. విస్తళ్ళ మధ్య ఒకచోట జానెడు ఎడం, ఇంకోచోట బారెడు.

"సౌష్ఠవం ఉందా?"

"తగ్గింది మాస్టారూ."

"చెడిందా?"

"లేదు. ఎవరి వరుసలోకి వాళ్ళు చేరారు." పెంచలరావు కాగితం మడత విప్పి, ఆ సన్నటి గీతలను ఒక్కొక్కటే వేలితో తాకి చూశాడు. తర్వాత మాస్టారి ముందు చెయ్యి చాపాడు.

మాస్టారు డబ్బా ఇచ్చారు.

"ఇంకేం చాపుతావు, కడుక్కో ఆ చెయ్యి!" అంటూ రమణమ్మ గిన్నెలన్నీ తెచ్చి మధ్యలో పెట్టేసి, తనూ ఒక విస్తరి వేసుకుంది. జంటలకూ దగ్గేవాళ్ళకూ నడుమ కాస్త ఖాళీ ఉంటే, పెంచలరావు ఎవరూ చెప్పకుండానే వెళ్ళి అక్కడ కూర్చున్నాడు.