భూదేవికి పథ్యం పెట్టిన రాజు

పూర్వం త్రేతాయుగం తొలిపాదంలో, శుక్లావతీ నదీతీరాన విలసిల్లిన హరితభూమి దేశాన్ని శాలికేతుడనే రాజు పాలించేవాడు. ప్రజావత్సలుడే గాని, ఆ మహీపతికి ఆశ ఎక్కువ. ఏడాదికొక్క పంట పండే నేలలో మూడు పంటలు తీయాలని తలచి, పన్నెండేళ్లు నిరాహారుడై తపస్సు చేసి, సప్తజిహ్వుడైన అగ్నిదేవుణ్ణి మెప్పించి, "స్వామీ! నా నేలలో నీ వేడిమి నింపు. నాటిన విత్తు నెల తిరక్కుండా కంకి వెయ్యాలి" అని వేడుకున్నాడు.

"ఆలోచించే అడిగావా, నాయనా?" అన్నాడు హవ్యవాహనుడు.

"ఆలోచించే అడిగాను, దేవా!"

"తథాస్తు!"

మూడేళ్లు గాదెలు చాలలేదు. నాలుగో ఏట భూమి ఇటుకలా గట్టిపడి, దున్నబోతే నాగలికర్రు వంగిపోయింది. విత్తనాలు మాడాయి. వానపాములు నశించాయి. కొంగలు నాగళ్ల వెంట రావడం మానేశాయి. పసిబిడ్డలు ఆకలితో ఏడుస్తుంటే, ఆ ఏడుపు విని దయామయి అయిన మహారాణి మృద్వతి అన్నం ముట్టలేకపోయింది.

శాలికేతుడు పరుగున శాద్వల మహర్షి ఆశ్రమానికి వెళ్లి పాదాలపై పడ్డాడు. ఆ తపోధనుడు నేలకు చెవి ఆనించి, చాలాసేపు విని, కన్నులు తుడుచుకున్నాడు.

"రాజా! భూదేవి జ్వరంతో పడి ఉంది. ఆమెనుంచి నువ్వు తీసుకోవడమే గాని తిరిగి పెట్టింది లేదు. రాలిన ఆకు, ఆవుపేడ, ఎండుగడ్డి, పచ్చిజనుము, ఇవే ఆమెకు పథ్యం."

"రేపే వెయ్యిమంది భటులతో బండ్లు తోలిస్తాను, మునీంద్రా!"

"కన్నతల్లి మంచం పడితే గంజి పట్టడానికి భటుణ్ణి పంపుతావా, నాయనా?"

రాజు కిరీటం తీసి ముని పాదాల చెంత పెట్టి, తట్ట నెత్తికెత్తుకున్నాడు.

పేడలో ఆకులు కలిపి, గోమూత్రం చల్లి, కుప్పవేసి, మాగినదాన్ని చేలకు మోశాడు. ఏటి ఒడ్డున జనుము పెంచి, పూతకు రాగానే కోసి మట్టిలో కలిపాడు. ఏడాది గడిచినా ఒక్క గడ్డిపరకైనా మొలవలేదు. ఒకనాటి మధ్యాహ్నం మృద్వతీదేవి భర్త అరచేతుల బొబ్బలకు వెన్న రాస్తూ, "చాలా నొప్పిగా ఉందా, నాథా?" అని అడిగింది.

"నాకు కాదు, దేవీ. ఈ మట్టి ఇంకా కాలుతూనే ఉంది."

మర్నాడు ఆమె కూడా తట్ట పట్టింది. అది చూసి ఇంటికొకరు చొప్పున ప్రజలంతా కదిలివచ్చారు.

మూడో ఏట ఒక ఉదయం, మట్టిగడ్డ విడదీస్తున్న రాణి గొంతు తగ్గించి, "నాథా, ఇలా రండి. మెల్లగా" అని పిలిచింది. ఆమె అరచేతిలో సన్నని వానపాము కదులుతోంది. ఎన్నో యుద్ధాలు గెలిచిన ఆ వీరుడు మోకాళ్లపై కూలబడి పసివాడిలా ఏడ్చాడు.

అంతట సర్వంసహ అయిన భూదేవి తడిమట్టి పరిమళంతో ప్రత్యక్షమై, "నాయనా! మూడేళ్లుగా నీ చేతిముద్ద తిన్నాను. వరం కోరుకో" అంది.

"పంట అడగను. ఒంట్లో ఎలా ఉందో చెప్పమ్మా, అదే చాలు."

ఆ లోకమాత చెమ్మగిల్లిన కళ్లతో అతని తల నిమిరి, "కోలుకున్నాను, తండ్రీ. నాకు పెట్టి తినేవారి గాదెను ఏనాడూ ఒట్టిదిగా ఉంచను" అని వరమిచ్చింది.

అప్పుడు అగ్నిదేవుడు నేలలోంచి వెలువడి, సిగ్గుతో చేతులు జోడించి, "తల్లీ, నేనెక్కడ ఉండను?" అన్నాడు.

"ఎరువుకుప్పలో ఉండు, నాయనా. నన్ను కాల్చకుండా నాకు అన్నం వండిపెట్టు."

నాటినుంచి ఆ హుతాశనుడు ఎరువుకుప్పల లోపల వెచ్చగా నివసిస్తూ, ఆకునూ పేడనూ మాగించి భూమాతకు వడ్డిస్తున్నాడు. ఆ ఏడు సకాలంలో వానలు కురిశాయి, చేలు పండాయి. కొత్తబియ్యపు గంజిని మృద్వతీదేవి ముందుగా పసిబిడ్డలకు తన చేత్తో పట్టి, వారు కడుపునిండి నిద్రపోయాక, శాలికేతుడితో కలిసి గట్టుమీద కూర్చుని తాను తాగింది.