నూరు మూరల ఓడకు వెంట్రుకంత కమ్మీ

శరభభూపాలుడికి సముద్రమంటే ప్రాణం. పడవెక్కితే మాత్రం తల తిరిగి వాంతులు. అందుకని నూరు మూరల కొత్త యుద్ధనౌక రేవులో సిద్ధమైతే, ఒడ్డునే నిలబడి చూసి మురిసి, కోటకొచ్చి పట్టుపట్టాడు.

"ఆ ఓడ నా మంచం పక్కన ఉండాలి. నూరు మూరలదాన్ని ఒక్క మూరకి దించండి. ఏదీ మారకూడదు."

వడ్రంగులు టేకుతో ఒకేలాంటి ఓడ బొమ్మలు రెండు చెక్కేశారు. చిక్కంతా లోహపు పనితో వచ్చింది. ఓడ అంచు వెంట మనుషులు పట్టుకునే కమ్మీలు, పై అంతస్తుకెక్కే నిచ్చెన, జెండా. వాటికి ఇద్దరు పోటీపడ్డారు. ఒకరు ఆస్థాన కంసాలి విరూపాక్షాచారి. అద్దం కనబడితే చాలు, ఆగి మీసం దువ్వుకునే మనిషి. రెండోవాడు సోమలింగం, రాజుకి తాంబూలం అందించే నూకాలుకి అన్న.

"నెగ్గినవాడు ఆస్థానంలో ఉంటాడు. ఓడినవాడు కొలిమి ఆర్పేసి ఊరు విడవాలి" అన్నాడు రాజు.

వక్కలు కత్తిరిస్తున్న నూకాలు చెయ్యి ఆగిపోయింది. ఉన్నది ఒక్క అన్న.

ఆ సాయంత్రం అన్న పని చూడబోయింది. సోమలింగం ఉల్లిపొరంత ఇత్తడి రేకుకి రెండు వైపులా మైనం పూశాడు. సూదితో మైనం మీద గీతలు గీశాడు. ఘాటు ద్రావకంలో ముంచాడు. గీత పడ్డచోటల్లా ద్రావకం రేకుని తినేసింది. మిగిలింది తీస్తే, అబ్బ, రెండు వెంట్రుకలు పేనినంత కమ్మీలు, పన్నెండు మెట్ల బుల్లి నిచ్చెన.

"సుత్తి దెబ్బ లేకుండా ఇదెట్లా అయిందిరా అన్నా?"

"నేను చేసిందేముందే. అక్కర్లేనిదాన్ని ద్రావకం తింది. నువ్వు కాస్త అటు తిరిగి ఊపిరి వదులు, లేకపోతే నిచ్చెన ఎగిరిపోతుంది."

నూకాలు అటు తిరిగే నవ్వుకుంది.

మర్నాడు సభలో రెండు బొమ్మలూ పెట్టారు. ఆచారి కమ్మీలు మేలిమి బంగారం, ఒక్కోటీ వడ్లగింజంత మందం. ధగధగ మెరుస్తున్నాయి. సోమలింగం కమ్మీలు కనబడాలంటే రాజు ముక్కు ఆనించాల్సి వచ్చింది.

"ఇవి కమ్మీలా, సాలెగూడా? నా పని చూడండి ప్రభూ, గుమ్మంలోంచే కనబడుతుంది" అన్నాడు ఆచారి.

రాజు బంగారం వైపే మొగ్గుతున్నాడు. నూకాలు తాంబూలం పళ్లెం ముందుకు జరిపింది.

"ఆరు రోజులు గడువిప్పించండి ప్రభూ. ఓడల వడ్రంగుల్ని నాకు అప్పగించండి. ఏది మీ ఓడో మీ కాళ్లూ చేతులే చెప్తాయి."

"చేతులు సరే. కాళ్లు కూడానా?" రాజుకి సరదా పుట్టింది. ఒప్పుకున్నాడు.

ఏడో రోజు రేవులో ఇసుక మీద ఓడ అంచు ఒకటి కట్టి ఉంది. దాని చుట్టూ కొబ్బరిమానులు మూడు వరసలు అడ్డంగా బిగించారు. పక్కన దుంగల నిచ్చెన. మెట్లు మూడే, మెట్టుకీ మెట్టుకీ నడుమెత్తు. పైన జెండా బదులు కోట తలుపంత దిమ్మ.

రాజు కమ్మీ పట్టుకోబోతే పిడికిట్లో ఇమడలేదు. రెండు చేతులతో కావిలించుకున్నాడు.

"ఇవతల నించుంటే సముద్రమే కనబడటం లేదు. ఎవరు కట్టారే ఈ కోటగోడ?"

"ఆచారిగారు ప్రభూ. ఆయన బొమ్మ మీద ప్రతిదీ కొలిచి నూరు రెట్లు పెంచాం, అంతే. వడ్లగింజ కొబ్బరిమాను అయింది."

ఆచారి మీసం మీద చెయ్యి అక్కడే ఉండిపోయింది. "మరి మీ అన్న సాలెగూడు పెంచితే ఏమవుతుందమ్మా?"

నూకాలు రేవులో ఉన్న అసలు ఓడ దగ్గరికి నడిచి, దాని కమ్మీ చుట్టూ వేళ్లు మడిచింది. బొటనవేలంత లావు. "ఇదవుతుందండీ."

రాజు ఆచారి వైపు తిరిగాడు. "నీ నిచ్చెనే కదా, ఎక్కి చూపించు."

ఆచారి మొదటి దుంగ మీద పొట్ట ఆనించి, కాలు పైకి వేయలేక జారి, ఇసుకలో నిలబడి పంచె దులుపుకున్నాడు. "ఇది... ప్రభువులెక్కే నిచ్చెన ప్రభూ."

మాట పడితే ఊరుకునే రాజు కాదు. పంచె ఎగ్గట్టి మొదటి దుంగ ఎక్కాడు. రెండో దాని మీద ఓ కాలు వేశాడు. అంతే, ఓ కాలు అటూ ఓ కాలు ఇటూ వేలాడేసుకుని, దుంగ మీద గుర్రమెక్కినట్టు చిక్కుకుపోయాడు. పైకి పోలేడు, కిందికి రాలేడు.

"నూకాలూ, ఇట్లాంటి ఓడ మీదికి శత్రువు దండెత్తితే నా గతేమిటే?"

నూకాలు పళ్లెం పైకెత్తి, దుంగ మీదున్న రాజుకి తాంబూలం అందించింది.

"భయం లేదు ప్రభూ. వాడూ ఎక్కలేడు."

రాజు పగలబడి నవ్వాడు. నవ్వుకి దుంగ ఊగింది. వడ్రంగులు నవ్వారు, ఆచారి కూడా నవ్వు ఆపుకోలేక మీసం చాటున నవ్వాడు. రాజు మెళ్లో ముత్యాల హారం తీసి నూకాలు పళ్లెంలో వేశాడు.

"సోమలింగం ఆస్థానంలో ఉంటాడు. ఆచారి కొలిమి కూడా ఆర్పనక్కర్లేదు, మీ అన్న దగ్గర మైనం పూయడం నేర్చుకుంటాడు. ఇంక ఎవరైనా వచ్చి నన్ను దించండర్రా."